పాలు, నల్లసిరా, ఆకుపసరు

తలుపు వేసేయండి. కిటికీకి నల్ల షీటు కట్టాం, తలుపు కింది సందులో గోనెపట్టా తొక్కాం. ఏసీ మీద పచ్చచుక్క ఒకటి ఇంకా వెలుగుతోంది, దాని మీద కాస్త ఇన్సులేషన్ టేపు అంటించండి. ఆ, ఇప్పుడు చీకటి. కళ్ళు అలవాటు పడేదాకా ఊరికే నిలబడదాం.

గోడ అవతల హోరు వినిపిస్తోంది కదా, అది బ్లోయరు. రాత్రీ పగలూ ఆగదు. ఆగితే తొట్లలో రొయ్యపిల్లలు బతకవు. మనమున్నది మైపాడు పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక హేచరీలో, ఆల్గే రూమ్‌లో. రొయ్యపిల్లకు తొలిమేత నాచు. ఆ నాచును గాజు ఫ్లాస్కుల్లో, ట్యూబులైట్ల కింద, చల్లగా పెంచే గది ఇది. ఇవాళ కాసేపు లైట్లు తీయడానికి ఒప్పుకున్నారు.

మనం వచ్చింది రొయ్యల పని మీద కాదు. మనిషి కండలోంచి వెలుగు ఎలా పోతుందో దాదాపు అలాగే పోయే ముక్కల్ని ఇక్కడ పోతపోస్తాం. వాటిలో ఒక రంగు కలిపి, దాన్ని వెలిగించి, ఎంత వెలిగిందో కొలుస్తాం. వైద్య పరికరాలు తయారుచేసే లేబొరేటరీల్లో ఇలాంటి ముక్కల్ని ఫాంటమ్‌లు అంటారు. దీనికి కావలసినవి అగర్, సన్నతూకం, హాట్ ప్లేటు, పిపెట్లు, చీకటి. నెల్లూరు తీరంలో ఇవన్నీ ఒకే కప్పు కింద దొరికే చోటు హేచరీ. నీళ్ళలో విబ్రియో బ్యాక్టీరియా ఎంత ఉందో చూడటానికి ఇక్కడ రోజూ అగర్ ప్లేట్లు పోస్తూనే ఉంటారు.

ఈ ఊదారంగు టార్చి తీసుకోండి. 405 నానోమీటర్ల వెలుగు ఇది. ఎవరి కళ్ళలోకీ వెయ్యకండి, అద్దం మీద అసలు వెయ్యకండి. ఆ చివరి ఫ్లాస్కు మీదికి తిప్పండి. ట్యూబులైటు కింద గోధుమరంగులో కనబడ్డ కీటోసిరాస్ నాచు ఇప్పుడు మసకమసగ్గా ఎర్రబారింది. పక్కన చిన్న సీసాలో పాలకూర పసరు ఉంది, మధ్యాహ్నం సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి వడగట్టాం. దాని మీద వెయ్యండి. పచ్చటి పసరు నెత్తుటి ఎరుపులో భగ్గుమంది.

"ఏంది సార్ ఇది, ఇంత ఎర్రగుండాది!" అంటున్నాడు టెక్నీషియన్ కుర్రాడు. రోజూ ఈ ఫ్లాస్కుల మధ్యే తిరిగేవాడు, ఇలా చూడటం ఇదే మొదలట. అతనికి తెలిసిన వెలుగు వేరే ఉంది. "మాకు వెలుగంటేనే భయం సార్. రాత్రిపూట తొట్టిలో పిల్లలు మెరిసినాయంటే ఆ బ్యాచ్ పోయినట్టే." నిజమే. అది విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా పని. అది తన లోపలి రసాయనాలతో తనే వెలుగు పుట్టిస్తుంది, టార్చి అక్కర్లేదు. పసరు అలా కాదు. మనం ఊదారంగు వెలుగు ఇస్తేనే ఎర్రటి వెలుగు తిరిగి ఇస్తుంది. టార్చి ఆపగానే ఆరిపోతుంది. పీల్చుకున్న శక్తిలో కొంత లోపలే పోగొట్టుకుని, మిగిలినదాన్ని ఇంకాస్త పొడవైన తరంగంగా వదిలేయడాన్ని ఫ్లోరసెన్స్ అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో ప్రతిదీప్తి. 1852లో జార్జ్ గాబ్రియల్ స్టోక్స్ క్వినైన్ ద్రావణంతో దీన్ని నిలబెట్టి చూపించాడు.

పాలకూరనే ఎందుకు తెచ్చామంటే దానికి మనిషి ఒంటితో చుట్టరికం ఉంది. మొక్క క్లోరోఫిల్‌ను తయారుచేసే దారిలో ప్రోటోపార్ఫిరిన్ అనే అణువు వస్తుంది. అందులో మెగ్నీషియం చేరితే దారి క్లోరోఫిల్ వైపు పోతుంది. మన ఒంట్లో అదే అణువులో ఇనుము చేరితే అది రక్తంలోని హీమ్. కొన్ని రకాల మెదడు కణుతులున్నవాళ్ళకు ఆపరేషన్‌కు ముందు 5-ఏఎల్ఏ అనే మందు తాగిస్తే, కణితిలో ఈ ప్రోటోపార్ఫిరిన్ పేరుకుంటుంది. సర్జన్ మైక్రోస్కోపులోంచి ఊదా నీలం వెలుగు వేస్తే కణితి ఎర్రగా కనబడుతుంది. 2006లో వచ్చిన జర్మనీ పరీక్ష ఫలితాల్లో, ఈ వెలుగు చూసుకుంటూ చేసిన ఆపరేషన్లలో 65 శాతం మందికి స్కానులో కనబడే కణితి మొత్తం తీయగలిగారు. మామూలు వెలుగులో 36 శాతం మందికే. అంటే ఈ సీసాలో ఎర్రగా వెలుగుతున్నది ఆ సర్జన్ వెతికే అణువుకు దగ్గరి బంధువు.

ఇక పోత పోద్దాం. లైటు వేయండి.

చాలాచోట్ల ఈ ముక్కలకు జెలటిన్ వాడతారు. నెల్లూరులో అది కుదరదు. జెలటిన్ 30 డిగ్రీలు దాటితే మెత్తబడి జారిపోతుంది. మే నెలలో ఈ గది బయట పెడితే ముక్క కాస్తా పాయసమే. అగర్ అలా కాదు. కరగాలంటే 85 డిగ్రీల పైకి వెళ్ళాలి, గట్టిపడటానికి 40 లోపుకు చల్లారితే చాలు. పైగా అది సముద్రపు నాచు సరుకు, ఈ తీరానికి తగ్గది. వంటింట్లో చైనా గ్రాస్ అనేది ఇదే.

వంద మిల్లీలీటర్ల నీళ్ళలో మూడు గ్రాముల అగర్, కలుపుతూనే మరిగించండి. గడ్డలు మిగలకూడదు, మిగిలితే ప్రతి గడ్డా ఫోటోలో మచ్చ అవుతుంది. ఈలోగా పక్క గిన్నెలో పాలు వెచ్చబెడుతున్నాం. చల్లటి పాలు పోస్తే అగర్ అప్పటికప్పుడే ముద్దలు కడుతుంది, అందుకని రెండూ 50 డిగ్రీల దగ్గర కలవాలి. థర్మామీటరు చూస్తూ ఉండండి. ఇప్పుడు పోయండి, సమపాళ్ళలో.

పాలు ఎందుకంటే, కండలో వెలుగు తిన్నగా పోదు. పొగమంచులో పడ్డ లారీ లైటులా అన్నివైపులకూ చెదిరిపోతుంది. కణాల గోడలు, వాటిలోని రేణువులు, కండ నారలు దాన్ని అడుగడుగునా పక్కకు నెడతాయి. పాలలో కొవ్వు బొట్లూ ప్రోటీను రేణువులూ ఆ పని చేస్తాయి. పరిశోధకులు ఎక్కువగా వాడేది ఇంట్రాలిపిడ్. సోయానూనెతో చేసిన తెల్లటి కొవ్వు ద్రవం, నోటితో తినలేని రోగులకు నరంలోకి ఎక్కించేది. స్వీడన్‌లో ఆర్విడ్ వ్రెట్లిండ్ దాన్ని 1960ల మొదట్లో వైద్యానికి తెచ్చాడు. రోగి ఆకలి కోసం పుట్టిన ద్రవం, కొవ్వు ఒక శాతం మిగిలేలా పల్చన చేస్తే వెలుగును చెదరగొట్టడంలో మనిషి కండకు దగ్గరగా వస్తుందని ఆ తర్వాత తేలింది. ఎక్కువకాలం నిలవాల్సిన ముక్కలకు పాలూ అగరూ పనికిరావు, రెండు మూడు రోజుల్లో బూజు పడతాయి. వాటిని సిలికోన్‌లోనో పాలీయురెథేన్‌లోనో టైటానియం డైఆక్సైడ్ పొడి కలిపి పోస్తారు. శ్రీకాకుళం తీరం నల్ల ఇసుకలోని ఇల్మనైట్ ఆ పొడికి ముడిఖనిజమే.

ఇప్పుడు సిరా. కలంలో పోసే సిరా కాదు. బొమ్మలు గీసేవాళ్ళు వాడే ఇండియన్ ఇంక్, అంటే సన్నటి మసి. చెదరడం ఒక సగం అయితే పీల్చుకోవడం రెండో సగం. ఒంట్లో రక్తమూ, చర్మంలో మెలనినూ వెలుగును పీల్చేస్తాయి. ఒక బొట్టు సిరాను వంద మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళను పిపెట్‌తో కొలిచి పోయండి. మొదటి గిన్నెలో సిరా లేదు. రెండోదానిలో కొంచెం. మూడోదానిలో దానికి నాలుగింతలు. అన్నిటిలో నీళ్ళ మొత్తం సమానంగా ఉండేలా చూసుకుందాం. పసరు మాత్రం మూడింటిలోనూ ఒక్కొక్క మిల్లీలీటరే. ఈ మాట గుర్తుంచుకోండి, రాత్రంతా దీనిమీదే నడుస్తుంది. మూడు గిన్నెల్లో ఆకుపసరు సమానం.

మరో మూడు గిన్నెలు కూడా పోయాలి, ఇవే పాళ్ళతో, పసరు బదులు ఉత్త స్పిరిట్ వేసి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. గిన్నె అంచు నుంచి నెమ్మదిగా జారవిడవండి, బుడగ పడితే చెంచాతో తీసేయండి. బుడగ కూడా వెలుగును చెదరగొడుతుంది.

గట్టిపడేలోగా ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకుందాం. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన తర్వాత బోస్టన్ చేరారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. రక్తంలోని ప్రోటీన్లను ఆమ్లంతో విరగ్గొట్టి వడగడతారు. ఆ తేటకు మోలిబ్డేటూ ఇంకో రసాయనమూ కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత. ఆ పద్ధతి దశాబ్దాల పాటు బయోకెమిస్ట్రీ లేబొరేటరీల్లో రోజువారీ పని అయింది. అందులో నాకు అన్నిటికన్నా గొప్పగా కనబడేది మొదటి మెట్టు. రంగును నమ్మేముందు ఆయన ద్రవాన్ని తేటపరిచారు. మసక ఉన్నంతసేపూ రంగు నిజం చెప్పదు.

బతికున్న మనిషి కండను వడగట్టలేం కదా. ఆపరేషన్ బల్ల మీద డాక్టరు చూసే వెలుగు మసకలోంచి వచ్చేదే. అందుకే మసకనే ముందు తయారుచేసుకుని, అందులో ఎంత రంగు వేశామో మనకే తెలిసి, కెమెరా ఏం చెబుతుందో చూడాలి. ఫాంటమ్ ఉన్నది ఇందుకు.

సుబ్బారావు గారి కథ ఈ గదిలోకి ఇంకో దారిలోనూ వస్తుంది. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం 1940ల నడుమ ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అండాశయ క్యాన్సర్ కణాల్లో చాలావాటి మీద ఫోలేట్‌ను పట్టుకునే గ్రాహకాలు మామూలు కణాల కంటే బాగా ఎక్కువ. ఫోలేట్‌ను పోలిన అణువుకు పరారుణంలో వెలిగే రంగును తగిలిస్తే, అది పోయి ఎక్కువగా క్యాన్సర్ కణాలకే అంటుకుంటుంది. పాఫోలాసయనిన్ అనే ఈ మందుకు 2021 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. సర్జన్ కంటికి కనబడని గడ్డను కెమెరా తెర మీద చూపిస్తుంది. ఆ వెలుగును ఎంతవరకు నమ్మాలో చెప్పే పని మాత్రం మళ్ళీ ఇలాంటి ముక్కలదే.

గట్టిపడ్డాయి. మీ తెల్లచొక్కా మీద నల్ల శాలువా కప్పుకోండి. సబ్బుపొడుల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఊదారంగు వెలుగులో నీలంగా మెరుస్తుంది. ఫోటోలో అదీ చేరిపోతుంది. ఫోను స్టాండుకు బిగించాం, ప్రో మోడ్‌లో పెట్టాం. ఎక్స్‌పోజరు, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ అన్నీ బిగించేయాలి. ఫోనుకు స్వేచ్ఛ ఇస్తే చీకటిగా ఉన్నదాన్ని తనంతట తనే వెలిగించి చూపిస్తుంది, కొలత అక్కడితో పోయినట్టే. లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు. టార్చి ఊదారంగు ఆగిపోవాలి, పసరు ఎరుపు రావాలి.

లైటు తీయండి. ముందు ఖాళీ ముక్కలు, పసరు లేనివి. చూడండి, తెర పూర్తిగా నల్లగా లేదు. సన్నటి వెలుగు ఉంది. కొంత ఫిల్టరులోంచి కారిన టార్చి వెలుగు. కొంత పాలదే. పాలలోని రైబోఫ్లావిన్ తనే పసుపుపచ్చగా వెలుగుతుంది, అందులో కొంత ఎరుపు దాకా పాకుతుంది. మనిషి ఒంట్లోనూ కొల్లాజెన్, ఫ్లావిన్లు ఇలాగే మందు లేకుండానే వెలుగుతాయి. ఈ ఖాళీ వెలుగును ప్రతి కొలతలోంచీ తీసేయాలి. సిరా లేనిదాని ఖాళీ వేరు, సిరా ఉన్నదాని ఖాళీ వేరు. అందుకే మూడు పోశాం.

ఇప్పుడు అసలు ముక్కలు. గబగబా కానివ్వండి, టార్చి కింద ఉన్నకొద్దీ క్లోరోఫిల్ వెలిసిపోతుంది. మొదటిది... ఎర్రగా, నిండుగా వెలిగింది. రెండోది తగ్గింది. మూడోది? మీ కళ్ళతోనే చూడండి. కనీకనబడనట్టుంది. కుర్రాడు వంగి చూసి అంటున్నాడు: "దీంట్లో పసరు తక్కువ పడినట్టుండాది సార్."

తక్కువ పడలేదు. పిపెట్ పట్టింది మీరే. సిరా లోపలికి పోయే ఊదారంగునూ తినేసింది, బయటికొచ్చే ఎరుపునూ తినేసింది. రంగు అంతే ఉంది, వెలుగు లేదు.

ఆపరేషన్ గదిలో ఈ మూడో ముక్క ఒక మనిషి. పేగులో చెడ్డ భాగం తీసేసి రెండు కొసలు కలిపి కుట్టేముందు, ఐసీజీ అనే పచ్చరంగును నరంలోకి ఎక్కించి రక్తం అంచుల దాకా వస్తోందో లేదో చూస్తారు. రొమ్ము తీసేసిన తర్వాత చర్మంతో కొత్త ఆకారం కట్టేటప్పుడూ ఆ చర్మానికి రక్తం అందుతోందో లేదో అలాగే చూస్తారు. ఐసీజీ కొడాక్ కంపెనీ లేబొరేటరీలో 1950ల్లో పుట్టింది, 1959లో అమెరికాలో అనుమతి పొందింది. రక్తంలో 800 నానోమీటర్ల దగ్గర వెలుగు పీల్చుకుని 830 దగ్గర వదులుతుంది, కాలేయం దాన్ని నిమిషాల్లో తోడేస్తుంది. తెర మీద వెలిగిన చోటు బాగున్నట్టు, చీకటిగా ఉన్న చోటు రక్తం అందనట్టు. ఆ చీకటి రక్తం లేకపోవడం వల్లా, మధ్యలో ఏదో పీల్చేయడం వల్లా? కోత పడేముందు తేలాల్సింది ఇదే.

పరారుణాన్ని ఎంచుకున్నదే ఈ ఇబ్బంది తగ్గుతుందని. టార్చిని మీ వేలి కింద పెట్టండి. ఊదారంగు పైకి రాదు. చర్మమూ రక్తమూ దాన్ని మిల్లీమీటరు లోపే మింగేస్తాయి. ఫోను లైటు పెట్టండి, వేలు ఎర్రగా వెలుగుతుంది. తెల్లటి వెలుగులోంచి ఎరుపు ఒక్కటే దాటింది. 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య రక్తమూ నీళ్ళూ రెండూ కాస్త కనికరిస్తాయి. అక్కడ కండ ఒక మిల్లీమీటరులో వెలుగును 0.02 వంతున పీలుస్తుందనీ 1 వంతున చెదరగొడుతుందనీ ఉజ్జాయింపుగా పెట్టుకుని లెక్క కడితే, ప్రతి 4 మిల్లీమీటర్లకూ వెలుగు మూడోవంతుకు కాస్త పైన మిగులుతుంది. సెంటీమీటరు లోతుకు పోయేసరికి పన్నెండో వంతు. పైకొచ్చేటప్పుడు మళ్ళీ అంతే. అందుకే లోతున ఉన్న గడ్డ తెర మీద చిన్నగా, స్పష్టంగా కాక పెద్దగా, అలుక్కుపోయినట్టు కనబడుతుంది. ఇదిగో, పసరు నింపిన ఈ చిన్న ట్యూబు మీద పాల అగర్ పలక ఒకటి కప్పండి. ఇంకోటి కప్పండి. చూశారా, గీతలా ఉన్నది మచ్చ అయింది, మచ్చ మసక అయింది.

సరిదిద్దే దారులు లేకపోలేదు. ఒకటి ఇప్పుడే చేద్దాం. ఎర్ర ఫిల్టరు తీసి, ఎక్స్‌పోజరు బాగా తగ్గించి, ముక్క నుంచి తిరిగొచ్చే ఊదారంగును ఫోటో తీయండి. ఇందాకటి ఎరుపును దీనితో భాగించండి. మూడు అంకెలూ దగ్గరికొచ్చాయి, సమానం మాత్రం కాలేదు. సిరాతో ఈ కిటుకు కొంతవరకు పనిచేస్తుంది, ఎందుకంటే మసి అన్ని రంగుల్నీ దాదాపు ఒకే తీరున పీలుస్తుంది. రక్తం అలా కాదు, ఊదారంగు దగ్గర విపరీతంగా, ఎరుపు దగ్గర కొద్దిగా పీలుస్తుంది. అక్కడ ఈ భాగహారం తప్పుదారి పట్టిస్తుంది. అందుకే పరిశోధకులు చెదరడాన్నీ పీల్చుకోవడాన్నీ విడివిడిగా కొలిచి, అప్పుడు ఫ్లోరసెన్స్‌ను సరిచేస్తారు. రంగుకూ దాని సొంత స్వభావం ఉంటుంది. క్లోరోఫిల్ ఉత్త నీళ్ళలో ముద్దకట్టి వెలగడం మానేస్తుంది, పాల కొవ్వులో హాయిగా వెలుగుతుంది. ఐసీజీ కూడా నీళ్ళలో ఒక తీరు, రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకున్నాక ఇంకో తీరు. మోతాదు మరీ ఎక్కువైతే తన వెలుగును తనే తినేస్తుంది, రంగు పెంచినకొద్దీ తెర చీకటవుతుంది.

బయటికి వస్తే సముద్రం మీదా ఇదే చిక్కు. ఇక్కడికి దక్షిణాన శ్రీహరికోట నుంచి 2022 నవంబరు 26న పీఎస్ఎల్‌వీ-సీ54 మీద వెళ్ళిన ఓషన్‌శాట్, 13 రంగుల్లో సముద్రాన్ని చూస్తూ నీటిలోని క్లోరోఫిల్‌ను అంచనా కడుతుంది. నడిసముద్రంలో ఆ పని తేలిక. పెన్న వరదతో ఒండ్రు కలిసిన ఈ ఒడ్డునీటిలో కష్టం. ఇక్కడ మసక ఎక్కువ.

మళ్ళీ మూడో ముక్క దగ్గరికి రండి, నా మనసులో ఉన్నది చెబుతాను. 2021లో, కరోనా రోజుల్లో, నెల్లూరులో ఇంటింటా వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టుకున్నాం. అది కూడా వెలుగుతో కొలిచేదే. 2020 డిసెంబరులో అమెరికాలో ఒక పరిశీలన వచ్చింది. మీటరు 92 నుంచి 96 చూపించినప్పుడు రక్తపరీక్షలో నిజానికి 88 లోపు ఉన్నవి తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లజాతివాళ్ళలో 11.7 శాతం. నల్లటి చర్మమున్నవాళ్ళకు ప్రాణవాయువు తగ్గినా మీటరు బాగుందని చెప్పింది. ఆ మీటర్లు పుట్టిన దశాబ్దాల తర్వాత, ఇన్ని కోట్లమంది వేళ్ళకు తగిలించాక, ఈ అంకెలు అందరి నోటా పడ్డాయి. మెలనిన్ 800 నానోమీటర్ల దగ్గర ఊదారంగు దగ్గరకన్నా చాలా తక్కువ పీలుస్తుంది, కానీ మానేయదు. చర్మం మీంచి చూసే ఏ ఫ్లోరసెన్స్ కెమెరాకైనా ఆ ప్రమాదం ఉంది. లేత చర్మాన్ని పోలిన ఫాంటమ్ మీద మాత్రమే సరిచూసిన యంత్రం మనవాళ్ళ మీద సరిగ్గా చూపిస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. ఎండలో వల లాగే పట్టపు పాలెం మనిషి చర్మానికీ, ఆఫీసులో కూర్చునేవాడి చర్మానికీ ఈ జిల్లాలోనే ఎంత తేడా! ఆ తేడా మొత్తం ముక్కల్లో ఉండాలి. పైపొరలో సిరా పాళ్ళు మార్చి పలుచటి పలకలు పోస్తే ఆ వరుస తయారు.

జిల్లా కాలేజీల్లో ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ చెప్పేవాళ్ళకు నా విన్నపం. ఈ పని మీ పిల్లలతో చేయించండి. అగరూ పాలూ సిరాతో మొదలుపెట్టి, కుదిరినప్పుడు ఇంట్రాలిపిడ్‌కూ సిలికోన్‌కూ వెళ్ళండి. పాళ్ళు రాసిపెట్టండి, పక్క కాలేజీ వాళ్ళు అదే ముక్క పోసి అదే అంకె తెచ్చుకోగలగాలి. ఆసుపత్రికి ఫ్లోరసెన్స్ కెమెరా కొనే డాక్టర్లు, అమ్మేవాళ్ళను ఇది ఏ రంగు చర్మాన్ని పోలిన ఫాంటమ్ మీద సరిచూశారని అడగండి, ఆ కాగితం చూపించమనండి. చూపించలేకపోతే సంతకం పెట్టకముందే మనం పోసిన ముక్కల్ని ఆ కెమెరా ముందు వరుసగా పెట్టి చూడండి.